టీషర్టు మీద ద్రౌపది

కిందటేడాది స్త్రీల కథల మీద జరిగిన ఒక సదస్సులో, మధ్యాహ్నం భోజనాల దగ్గర, చిన్న మాటల పట్టింపు జరిగింది. ఎం.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి జీన్స్ మీద తెల్ల టీషర్టు వేసుకుని వచ్చింది. టీషర్టు ముందు భాగమంతా కలంకారీ తరహాలో ద్రౌపదీ వస్త్రాపహరణం. పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ, నేను చాలా గౌరవించే విమర్శకురాలు, "ఏమ్మా, గుళ్ళో కట్టే గుడ్డ మీది బొమ్మని తెచ్చి బనీను మీద వేసేశారా? ఇంక కళకి మిగిలిందేముంది?" అన్నారు. అమ్మాయి నొచ్చుకుంది గానీ తగ్గలేదు. "మీరు కట్టుకున్నదీ కలంకారీయే కదా మేడమ్!" అంది.

నిజమే. ఆవిడ కట్టుకున్నది పెడన అచ్చు చీర. ఆ హాల్లో అలాంటి చీరలూ జాకెట్లూ కనీసం పది కనిపించాయి. నేను వేసుకున్న కుర్తా కూడా అదే. అందరం నవ్వేశాం. కానీ ఆ నవ్వుతో ఒక అసలైన ప్రశ్నని దాటేశామని సాయంత్రానికి అనిపించింది. కలంకారీ చీర కట్టుకుంటే అభిరుచి, చేనేత మీద ప్రేమ. అదే బొమ్మ టీషర్టు మీదికి వస్తే కళకి అవమానం. ఈ తేడా ఎక్కడినించి వచ్చింది?

తర్వాత ఫోన్‌లో మాట్లాడినప్పుడు పెద్దావిడే తన మాటని వివరించారు. "చీరకి అంచు ఉంటుంది, కొంగు ఉంటుంది. బొమ్మకి ఒక చోటుంటుంది. టీషర్టు మీద బొమ్మ అంటించిన స్టిక్కరు. దేని మధ్యలోంచి తెచ్చారో, దేని మధ్యలో పెట్టారో తెలీదు." నేను ఆవిడతో సగం ఏకీభవిస్తున్నాను. ఏ సగంతో అన్నది తేల్చుకోడానికే ఈ వ్యాసం.

ముందు ఏకీభవించని సగం గురించి.

రోజూ వేసుకునే బట్ట మీద కళ ఉండొచ్చా అన్న ప్రశ్న టీషర్టుతో పుట్టలేదు. మన కోరమండల్ తీరం గుడ్డల విషయంలోనే మూడు వందల ఏళ్ళ కిందట యూరప్ దీన్ని చట్టసభల్లో చర్చించింది. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో వ్యాపార స్థావరాలు పెట్టుకున్నది ఎక్కువగా ఇక్కడి అద్దకం గుడ్డల కోసమే. కరక్కాయ రసంలో నానబెట్టి, పటిక పూసి, ఎన్నిసార్లు ఉతికినా పోని ఎరుపునీ నీలాన్నీ నూలు మీద నిలబెట్టే విద్య అప్పటికి యూరప్‌లో లేదు. అక్కడ పూలూ లతలూ ఉన్న బట్టలంటే పట్టు, కుట్టుపని. అవి ధనవంతుల సొత్తు. ఉతికితే పోని రంగు పూలు చవకగా నూలు మీద వచ్చేసరికి పనిమనిషి కూడా అవే కట్టుకోగలిగింది. యజమానురాలికీ పనిమనిషికీ తేడా తెలియడం లేదన్న ఫిర్యాదు ఆనాటి రాతల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డల్ని నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి చేసుకున్న అద్దకం గుడ్డల్ని కట్టుకోవడం మీద చట్టం చేసింది. అది చాలదని 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. కట్టుకున్నవాళ్ళకి ఐదు పౌండ్ల జరిమానా. ఆ చట్టం 1774 దాకా నిలిచింది.

ఈ రెండు చట్టాల మధ్య, 1719 వేసవిలో, లండన్ వీధుల్లో జరిగింది మనం గుర్తుపెట్టుకోవాలి. స్పిటల్‌ఫీల్డ్స్ నేతపనివాళ్ళు గుంపులుగా బయల్దేరి, అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళని నడివీధిలో పట్టుకుని ఆ గౌన్లు చింపేశారు. వాళ్ళ మీద సిరా పోశారు, యాసిడ్ పోశారు. అప్పటికి మన దేశం నించి వెళ్ళిన తెల్లగుడ్డ మీద లండన్‌లోనే అచ్చు వేసినవీ ఉన్నాయి కాబట్టి, చిరిగిన ప్రతి గౌనూ మచిలీపట్నందని నేను చెప్పను. ఆ నేతగాళ్ళ ఆకలీ నిజమే. కానీ కోపం తీర్చుకోడానికి వాళ్ళు వెళ్ళింది గుడ్డని దింపిన ఓడ మీదికీ, గోదాం మీదికీ మాత్రమే కాదు, కట్టుకున్న ఆడదాని మీదికి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన యాసిడ్ దాడి తెలిసిన మనకి ఈ చరిత్ర ఎక్కడో లండన్‌దిగా అనిపించదు. సందర్భాలు వేరు. స్త్రీ శరీరం ఎవరి కోపానికైనా అందుబాటులో ఉంటుందన్న ధీమా మాత్రం ఒకటే.

ఆనాడు చింపిన ఆ రకం గుడ్డలే ఇవాళ లండన్, టొరంటో మ్యూజియంలలో అద్దాల వెనక, మసక వెలుతురులో, మహాకళగా వేలాడుతున్నాయి. ఒంటి మీద ఉన్నప్పుడు నేరం, గోడ మీదికి చేరాక కళ. అంటే కళ హోదా గుడ్డలో లేదు, బొమ్మలో కూడా లేదు. దాన్ని ఎవరు, ఎక్కడ పెట్టుకున్నారన్న దాన్నిబట్టి వస్తోంది. 1981లో రోజికా పార్కర్, గ్రిసెల్డా పొలాక్ తమ 'ఓల్డ్ మిస్ట్రెసెస్' పుస్తకంలో కళకీ చేతిపనికీ మధ్య గీత గీసిన పద్ధతి లోనే స్త్రీపురుష భేదం ఉందని వాదించారు. ఇంట్లో, వాడకం కోసం, ఆడవాళ్ళు చేసేది చేతిపని. బయట, చూడ్డం కోసం, మగవాళ్ళు చేసేది కళ. ఉదయం వేసి సాయంత్రానికి తొక్కుడు పడే ముగ్గుని మన సాహిత్యంలో, సౌందర్యశాస్త్రంలో ఎక్కడ పెట్టామో చూసుకుంటే ఇది మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. రోజువారీది, పాతబడేది, ఉతుక్కునేది కళ కాదంటే ఆడవాళ్ళు చేసినదాంట్లో ఎక్కువ భాగం కళ కాకుండా పోతుంది.

ఇక టీషర్టు. 1913లో అమెరికా నౌకాదళం తన సిబ్బందికి చొక్కా లోపల వేసుకోడానికి ఇచ్చిన బనీను ఇది. మగవాడి లోదుస్తు పైదుస్తయింది, ఆ తర్వాత ఒంటిమీది నోటీసుబోర్డయింది. ఆడపిల్ల దాన్ని వేసుకున్నప్పుడు ఆ నోటీసుబోర్డు సరిగ్గా రొమ్ముల మీద ఉంటుంది. పెద్దావిడ 'బనీను' అన్నప్పుడు ఆ మాటలో ఈ ఇబ్బంది కూడా ఉందనుకుంటాను. చీర కప్పుతుంది, టీషర్టు చూపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి నా పక్క సీట్లోనే కూచుంది. ఆ మాటే అడిగాను. "బొమ్మ ఉంది కాబట్టి చూశానంటారు మేడమ్. లేకపోయినా చూసేవాళ్ళే. ఇదయితే కనీసం ఏం కనపడాలో నేను ఎంచుకున్నాను" అంది. ఈ జవాబుతో చూపుల సమస్య తీరిపోదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ రోజూ బస్సెక్కే ఆడపిల్ల తన ఒంటి మీద ఏ బొమ్మ ఉండాలో నిర్ణయించుకునే హక్కుని కళ గౌరవం పేరుతో కాదనడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి, టీషర్టు మీద కళ ఉండొచ్చా అంటే ఉండొచ్చు. ఇందులో నాకు సందేహం లేదు. నాకు సందేహం కలిగింది ఆ బొమ్మని చూస్తూ కూచున్నప్పుడు. రెండు గంటల ప్రయాణంలో దాన్ని మా పాఠ్యాల్ని చదివే అలవాటుతో చదివాను.

శ్రీకాళహస్తి పనిని దగ్గరగా చూసినవాళ్ళకి ఒక విషయం తెలుసు. పెడన, మచిలీపట్నం పని చెక్క అచ్చులతో. గోల్కొండ కాలపు పర్షియన్ అభిరుచి దానిలో ఉంది. పూలూ లతలూ ఎక్కువ, కథ తక్కువ. శ్రీకాళహస్తి పని వెదురు కలంతో గీసేది. గుళ్ళ కోసం గీసిన పెద్ద గుడ్డల మీద రామాయణ, భారతాలు అరలు అరలుగా నడుస్తాయి. అరల మధ్య సన్నటి పట్టీల్లో తెలుగు అక్షరాలుంటాయి. ఇది ఫలానా ఘట్టం, ఇక్కడ ఫలానా వాళ్ళు ఇలా అన్నారు అని. అంటే అది బొమ్మల గుడ్డ మాత్రమే కాదు, చదువుకునే గుడ్డ. ఎడమ నించి కుడికి, పై నించి కిందకి, అక్షరంతో పాటు నడవాల్సిన పుస్తకం.

నేను చూసిన ఒక భారతం గుడ్డలో సభాపర్వానికి చాలా అరలున్నాయి. జూదం ఒకటి. పిలవడానికి వచ్చినవాడు ద్రౌపది ముందు నిలబడ్డది ఒకటి. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చేది ఒకటి. సభలో ఆమె చెయ్యి చాచి అడుగుతున్నది ఒకటి. ఆ తర్వాతే చీర లాగడం. ఈ వరస ముఖ్యం. ద్రౌపది ముందు అడిగింది. తన్ను తాను ఓడిపోయాక నన్ను ఒడ్డాడా, ముందే ఒడ్డాడా? తననే పోగొట్టుకున్నవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? సభలో భీష్ముడంతటివాడు కూడా ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు గానీ జవాబు చెప్పలేకపోయాడు. వికర్ణుడు ఒక్కడే ఆమె మాట న్యాయమన్నాడు. చీర మీద చెయ్యి పడింది ఆ తర్వాత. జవాబు లేని ప్రశ్నకి సభ ఇచ్చిన జవాబది.

టీషర్టు మీద ఏముంది? చివరి అర ఒక్కటే. చేతులెత్తిన ద్రౌపది, లాగుతున్న దుశ్శాసనుడు, పై మూల కృష్ణుడు, తెగకుండా వస్తున్న చీర. కింద ఒక వరస తెలుగు అక్షరాలున్నాయి. చదవబోయాను. మొదలూ చివరా లేవు. కత్తిరించినవాళ్ళకి అవి అక్షరాలు కావు, అంచు డిజైను. ఒక చోట అక్షరం సగానికి తెగి ఉంది. తెలుగు రాని యంత్రం తెలుగుని లతలాగే అచ్చు వేసింది.

కథ పోయి బొమ్మ మిగలడం అంటే ఇక్కడ అర్థం ఇంకా నిర్దిష్టం. ప్రశ్న పోయి ఒలవడం మిగిలింది. సభని నిలదీసిన స్త్రీ పోయి, కాపాడమని చేతులెత్తిన స్త్రీ మిగిలింది. మహాశ్వేతాదేవి 1978లో రాసిన 'ద్రౌపది' కథలో దోప్ది మేఝెన్ బట్ట కట్టుకోడానికి నిరాకరించి సేనానాయకుడి ముందు నిలబడినప్పుడు, కృష్ణుడూ తెగని చీరా లేని చోట ఆ పాత ప్రశ్న మళ్ళీ లేచి నిలబడుతుంది. మన స్త్రీవాద విమర్శ ద్రౌపది చుట్టూ ఇన్నేళ్ళుగా చేసిన పని అంతా ఆ ప్రశ్నని వెనక్కి తెచ్చుకోవడమే. టీషర్టు కత్తెర దాన్ని ఒక్క దెబ్బతో తీసేసింది. పెద్దావిడ చెప్పిన 'చోటు' పోవడం అంటే ఇది. నేను ఏకీభవించే సగం ఇదే.

అయితే ఈ తప్పు టీషర్టుది కాదు. చీర కొంగు మీద కూడా ఇదే అరని ఇలాగే కత్తిరించి వేసి అమ్ముతున్నారు. గోడకి తగిలించే ఫ్రేముల్లోనూ అంతే. బొమ్మ ఏ వస్తువు మీదికి వెళ్ళిందన్నది కాదు, వెళ్ళేటప్పుడు ఏం రాలిపోయిందన్నది చూడాలి.

ఇలా రాలిపోయినదానికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ ఫ్రీదా కాలో. ఆమె ముఖం లేని టీషర్టు దుకాణం అరుదు. 1925 బస్సు ప్రమాదంలో వెన్ను విరిగిన ఫ్రీదా, తన నడుముకి వేసిన ప్లాస్టర్ కట్ల మీద తనే బొమ్మలు వేసుకుంది. వాటిలో ఒకదాని మీద సుత్తీ కొడవలీ, కింద గర్భస్థ శిశువూ ఉన్నాయి. 2018లో లండన్‌లో ఆమె బట్టలతో పాటు ఆ కట్లని కూడా ప్రదర్శించారు. రొమ్ముకి ఆనుకుని ఉండే వస్తువు మీద కళని పెట్టిన మనిషి ఆమె. టీషర్టు మీదికి తనని తెచ్చినందుకు ఆమె కోప్పడేది కాదేమో. కానీ అక్కడికి చేరింది పూలు పెట్టుకున్న తల ఒక్కటే. విరిగిన వెన్నూ, సుత్తీ కొడవలీ, పుట్టని బిడ్డా చేరలేదు. అదే 2018లో ఒక బొమ్మల కంపెనీ ఫ్రీదా బార్బీని తెస్తే, కలిసిన కనుబొమల్ని పల్చన చేశారనీ, చక్రాల కుర్చీ ఊసే లేదనీ విమర్శలొచ్చాయి. ఆమె బంధువులు కోర్టుకెళ్ళారు. మెక్సికోలో ఆ బొమ్మ అమ్మకాన్ని కోర్టు తాత్కాలికంగా ఆపింది. ద్రౌపది నించి ప్రశ్నని తీసినట్టే ఫ్రీదా నించి నొప్పినీ రాజకీయాన్నీ తీసేసి మిగిలినదాన్ని అందం అంటున్నారు.

ఫ్రీదా పేరైనా నిలిచింది. ఆ అమ్మాయి టీషర్టు మీది ద్రౌపదిని మొదట గీసిందెవరు?

1950ల చివర శ్రీకాళహస్తిలో ఈ విద్య దాదాపు ఆగిపోయే స్థితిలో ఉన్నప్పుడు, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అఖిలభారత హస్తకళల బోర్డు అక్కడ శిక్షణ కేంద్రం పెట్టింది. 2008లో జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది. అది ఆ కళకి దక్కిన గౌరవం. కానీ ఇవాళ అక్కడ కలం పట్టుకుని పనిచేస్తున్న చేతుల్లో చాలా ఆడవాళ్ళవి. గుడ్డని కరక్కాయా పాలూ కలిపిన రసంలో నానబెట్టడం, ఆరెయ్యడం, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నలుపుతో గీతలు పెట్టడం, పటిక, ఉడకబెట్టడం, పారే నీళ్ళలో జాడించడం, మళ్ళీ ఆరెయ్యడం. ఒక గుడ్డ మీద రోజులూ వారాలూ నడిచే ఈ పనిలో ఏ గీత ఎవరిదో గుడ్డ చెప్పదు. అదే బొమ్మని ఫొటో తీసి, స్క్రీన్ మీదో డిజిటల్ యంత్రం మీదో వేస్తే నిమిషాల పని. భౌగోళిక గుర్తింపు చట్టం శ్రీకాళహస్తి కలంకారీ అన్న పేరుని కాపాడుతుంది. ఆ పేరు పెట్టకుండా బొమ్మని వాడుకునేవాణ్ణి అది ఆపలేదు. గీసిన మనిషి పేరు దానికి అసలు పట్టదు.

కాపీరైటు ఉంది కదా అంటారు. 1957 కాపీరైటు చట్టంలో 15వ సెక్షన్ చూడండి. డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోదగిన డిజైనుని నమోదు చేయించకుండా, హక్కున్న మనిషి గానీ ఆమె అనుమతితో ఇంకొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి వస్తువుల మీద వేస్తే, ఆ డిజైనులో కాపీరైటు పోతుంది. నమోదు చేయించుకుంటే మొదట పదేళ్ళు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్ళు. అదే చేతితో కాన్వాసు మీద వేసిన చిత్రానికి చిత్రకారుడి జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ రక్షణ. 2009లో ఢిల్లీ హైకోర్టు మైక్రోఫైబర్స్ కేసులో ఈ తేడానే స్థిరపరిచింది. కళగా నిలిచే చిత్రం వేరు, వస్తువు మీద వేయడానికి తయారైన డిజైను వేరు అని. ఆ కేసు సోఫాల గుడ్డల మీది పూల గురించి. ఈ గీత ఎక్కడ గీయాలన్న వాదన కోర్టుల్లో ఆ తర్వాతా సాగింది.

సదస్సు భోజనాల దగ్గర మేం వాదించుకున్న సంగతి చట్టం ఎప్పుడో తేల్చేసిందన్నమాట. గోడకి వేలాడేదానికి ఒక ఆయుష్షు, ఒంటికి తగిలించుకునేదానికి ఒక ఆయుష్షు. పల్చటి నూలు మీద, వాడకం కోసం గీసే చెయ్యి ఎవరిదో, నమోదు ఆఫీసుల దాకా వెళ్ళే తీరికా డబ్బూ ఆ చేతికి ఉంటాయో లేదో మనం ఊహించగలం. పెద్ద గాలరీల్లో కాన్వాసు వేలాడదీసేవాళ్ళు ఎక్కువగా ఎవరో కూడా తెలుసు. చట్టం ఎక్కడా స్త్రీ, పురుషుడు అని రాయలేదు. రాయాల్సిన అవసరం లేదు.

అందుకే 'టీషర్టు మీదికి రావడం కళకి తగునా' అని అడిగితే మనం తెలియకుండా ఆ గీతనే ఇంకోసారి దిద్దుతున్నాం. గుడ్డ తక్కువది, గోడ ఎక్కువది అని ఒప్పుకుంటున్నాం. అడగాల్సింది వేరు. అక్షరాల్ని ఎందుకు కోశారు? కథలో ఏ అర ఎంచుకున్నారు, ఏ అర వదిలేశారు? గీసినామె పేరు ఎక్కడ? ఆమెకి ఎంత ముట్టింది? ద్రౌపది అడుగుతున్న అరని, కింద ఆమె ప్రశ్న తెగకుండా, గీసిన మనిషి పేరుతో టీషర్టు మీద వేస్తే నేను మొదట కొనుక్కుంటాను, తరగతికి కూడా వేసుకెళ్తాను.

ఇది మన పత్రిక పాఠకులకి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మనం రాసేవాళ్ళం. మౌఖిక సాహిత్యం మీద పనిచేసిన వాళ్ళకి స్త్రీల పాటల సంకలనాలు తెలుసు. అట్ట మీద సేకరించినవారి పేరుంటుంది. పాడిన ఆమె చాలాసార్లు ఒక ఊరి పేరుగానో కులం పేరుగానో మిగులుతుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. నేనే నా పరిశోధనలో అలాంటి పాటల్ని 'అజ్ఞాత కర్తృకం' అని రాసి, పక్క పేజీకి వెళ్ళిపోయాను. ఆమె అజ్ఞాతంగా ఉండలేదు. మనం అడగలేదు. ఆ ఒక్క మాటకి ఒక పరిశోధకురాలిగా నాకు ఇప్పుడు సిగ్గేస్తుంది.

పెద్దావిడకి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. శాంతంగా విని, "సరే, ఆ పిల్లని అడిగావా, ఆ బొమ్మ ఎవరు గీశారో?" అన్నారు. అడగలేదు. రెండు గంటలు పక్కన కూచుని, బొమ్మలో ఏ అర ఉందో, ఏ అక్షరం తెగిందో చూశాను గానీ ఆ మాట అడగలేదు. అడిగినా ఆమెకి తెలిసి ఉండకపోవచ్చు.

ఆ రాత్రి బీరువా తీశాను. నాకు నాలుగు కలంకారీ చీరలున్నాయి. రెండు పెడనవి, రెండు శ్రీకాళహస్తివి అని కొన్నప్పుడు చెప్పారు. ఒకదానికి ఇంకా చీటీ ఉంది. ధర ఉంది, గుడ్డ రకం ఉంది, మొదటిసారి విడిగా ఉతకమని ఉంది. చీటీ తిప్పి చూశాను. వెనకవైపు ఖాళీ.